బంతి మింగిన మాస్టారు

"నీ కోడలితో చెప్పమ్మా, నాకు భోజనం అక్కర్లేదని."

సోషల్ మాస్టారు మాట అన్నది తల్లితోనే గానీ, కంచం నెట్టింది మాత్రం భార్య వైపుకి. మధ్యలో కూర్చున్న పెద్దావిడ అటూ ఇటూ చూసింది. రెండు రోజులుగా ఆ ఇంట్లో ఆవిడకి ఇదే ఉద్యోగం. మొగుడూ పెళ్ళాం మాటలు మానేసి, అనాల్సినవన్నీ ఆవిడ నెత్తిన పెట్టి మోయిస్తున్నారు.

"విన్నావుగా?" అందావిడ కోడలితో.

"విన్నాను అత్తయ్యా. వంటింట్లో మూత పెట్టి ఉంచుతాను, ఆకలేస్తే తీసుకుని తినమనండి."

"వాడూ వినే ఉంటాడు. చెవులకేం రోగం రాలేదు."

తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురికి నవ్వొచ్చింది. తండ్రి ముఖం చూసి గబగబా నీళ్ళు తాగింది. పొలమారింది.

"మెల్లిగా మింగవే!" అంది నానమ్మ.

అంతే. ఆ మాట చెవిన పడగానే సోషల్ మాస్టారు లేచి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. పెద్దావిడ నాలిక్కరుచుకుంది. ఈ వారం ఆ ఇంట్లో మాత్రలు కూడా వేసుకుంటున్నారు గానీ, ఎవరూ మింగడం లేదు.

ఎందుకంటే ఊళ్ళో ఆయనకి కొత్త పేరు పుట్టింది. బంతి మింగిన మాస్టారు.

కూరల కొట్టు దగ్గర, బస్సులో, క్షవరం షాపులో, ఎవరి ఫోన్‌లో చూసినా అదే వీడియో. కిటికీ అవతల ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని నిద్రపోతుంటాడు. కిటికీ ఇవతల ఒక బంతి తాపీగా పైకి లేచి, తాపీగా దిగుతూ, సరిగ్గా ఆయన నోటి దగ్గరికొస్తుంది. ఎవరో మహానుభావుడు అక్కడితో వీడియో కత్తిరించి, గుటక చప్పుడు అతికించి, వెనక ఒక పాట కూడా పెట్టాడు. ముందుగదిలో కూర్చుంటే రోడ్డు మీద పోయే వాళ్ళ ఫోన్లలోంచి కూడా ఆ గుటక వినిపిస్తోంది.

తీసింది ఎదురు క్లాసులో. అంటే సొంత భార్య క్లాసులో.

ఆ క్లాసు సంగతి కూడా చెప్పాలి. లెక్కల టీచరు ఈ ఏడు మొదట్లో పాఠం మొదలుపెట్టకుండా పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒకటే అడిగింది, బడి వదిలాక మీరేం చేస్తారని. ఒకడు దొరికినదల్లా వాయిస్తానన్నాడు. వాడి దరువుని ఫోన్‌లో రికార్డు చేసి, ముక్కలు చేసి వినిపించి, భిన్నాలు చెప్పింది. ఒకమ్మాయి వాళ్ళ అక్క పార్లర్‌లో జుట్టు రంగులు కలుపుతుందట. ఆ రంగు గిన్నెలతో నిష్పత్తులు చెప్పింది. ఆఖరి బెంచీలో ఒక పొడుగు పిల్ల ఉంది, బడి ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. ఆ పేరుతోనే పిలుస్తారు. లెక్కల పుస్తకం ముట్టుకుంటే కాలుతుందన్నట్టు దూరంగా పెట్టేది.

"నీకేం వచ్చు?" అనడిగింది టీచరు.

"బంతి ఎక్కడ పడుతుందో తెలుస్తుంది టీచర్. ఎలా తెలుస్తుందో మాత్రం తెలీదు."

బంతి పాఠం ఆ మాటలోంచి పుట్టింది. ఒకరు బంతి విసరాలి, గోల్‌కీపరు ఫోన్‌లో స్లోమోషన్‌లో తీయాలి, తర్వాత ఆపి ఆపి చూస్తూ ఎత్తు కొలవాలి. కొలవడానికి గీతలు కావాలి. క్లాసు కిటికీకి సమానమైన ఎడంలో అడ్డ ఊచలున్నాయి. ఇంతకన్నా మంచి కొలబద్ద ఎక్కడ దొరుకుతుందనుకుంది లెక్కల టీచరు. రెక్కలు అడ్డమొస్తాయని తనే బార్లా తెరిచింది. నడవా అవతల సోషల్ క్లాసుందనీ, దానికీ కిటికీ ఉందనీ, ఆ కిటికీలో ఒక మనిషి ఉన్నాడనీ ఎవరికీ తట్టలేదు. అందరి కళ్ళూ బంతి మీదే.

ఆ రోజు గోల్‌కీపరు కొలిచి కొలిచి, ఉన్నట్టుండి కేక పెట్టింది.

"టీచర్! పైకెళ్ళే కొద్దీ బంతి బద్ధకిస్తోంది. కానీ బద్ధకం కూడా లెక్క ప్రకారమే! ప్రతిసారీ అంతే తగ్గుతోంది, దిగేటప్పుడు మళ్ళీ అంతే పెరుగుతోంది!"

లెక్కల టీచరుకి ఆ క్షణం కళ్ళు చెమర్చాయి. టీచరు ఉద్యోగంలో అలాంటి కేకలు ఎన్నో రావు. ఆ కేక ఆనందం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

కంచాలు తీసేశాక పెద్దావిడ ముందుగది గుమ్మంలో కుర్చీ వేసుకుని మోకాళ్ళు రుద్దుకుంటూ ప్రకటించింది.

"ఇదిగో, ఇద్దరూ వినండి. మీ మధ్య మాటలు మోసే పనికి నేను రాజీనామా. నా మోకాళ్ళే నన్ను మొయ్యట్లేదు. తిట్టుకుంటారో, కొట్టుకుంటారో, ఎదురుబొదురు కూర్చుని ఏడవండి."

ముందు ఆయనే అన్నాడు, గోడకేసి చూస్తూ.

"రేపు తల్లిదండ్రుల మీటింగులో ఏం చెప్పాలో పెద్ద మేడం చెప్పింది కదా."

"చెప్పారు."

"ఒక్క మాట. ఆ వీడియో నిజం కాదు, పిల్లలు ఫోన్‌లో తయారుచేశారు. అంతేగా. నీ సొమ్మేం పోతుంది?"

"ఏ పిల్లలు తయారుచేశారని అడుగుతారు."

"అడిగితే అడుగుతారు."

"ఫోన్ పట్టుకున్నది గోల్‌కీపరు. దాన్ని పంపేస్తారు. ఇంకొక్క కంప్లయింటు వస్తే బడి మాన్పించి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెడతానని వాళ్ళమ్మ నా ముందే అంది. మీకూ తెలుసు."

"నాకు తెలిసినవి చాలా ఉన్నాయి. నిద్రపోయానని తేలితే నా మీద విచారణ వేస్తారని కూడా తెలుసు. ఎవరో ఇస్త్రీ చేసుకునే ఆవిడ కూతురి మీద ఉన్న జాలి కట్టుకున్నవాడి మీద లేదు!"

"జాలి కాదండీ అది."

"మరేమిటి?"

"అది లెక్క చేసింది. తయారుచెయ్యలేదు. చెయ్యని తప్పు దాని నెత్తిన రుద్దమంటున్నారు. నా నోటితో."

"అబ్బో!" పెద్దావిడ అందుకుంది. రాజీనామా ఇచ్చానన్న సంగతి మర్చిపోయింది. "ఇన్నేళ్ళూ ఫోన్లు లేకుండా లెక్కలు రాలేదా అమ్మా? మా కాలంలో జుట్టుకి రంగేసుకుంటే తప్పనేవాళ్ళు. ఇప్పుడు అదీ లెక్కేనట! నువ్వు బుద్ధిగా సుద్దముక్కతో చెప్పి ఉంటే నా కొడుకు పరువు బజారున పడేదా?"

"సుద్దముక్కతో చెప్పినప్పుడు వాళ్ళు నా ముఖం కూడా చూసేవాళ్ళు కాదు అత్తయ్యా. ఫోన్‌దేముంది, చేతికిచ్చి వదిలేస్తే ఆటబొమ్మ. నాకు వాళ్ళకిష్టమైనది కావాలి. అక్కడ పట్టుకుంటేనే లెక్క లోపలికి వెళ్ళింది. నేను రేపు అది తప్పంటే, ఆ పిల్లలు ఇక జన్మలో చెయ్యెత్తి జవాబు చెప్పరు."

"నీ పిల్లలు, నీ పాఠాలు, నీ చప్పట్లు!" సోషల్ మాస్టారు లేచి నిలబడ్డాడు. "నిద్రపోయానని నాకు బాధనుకుంటున్నావా? లోకంలో నిద్రపోని మాస్టరెవడు?"

"మరి?"

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు, మళ్ళీ లోపల పెట్టేశాడు. గుమ్మం పక్కన నించున్న కూతురు ఏడుపు గొంతుతో అంది.

"అమ్మా, అసలు వీడియో నాన్న దగ్గరుంది. కత్తిరించింది కాదు. ఆ రోజు గోల్‌కీపరు ఫోన్‌లోంచి మొదట నేనే నాన్నకి పంపాను. నాన్నా, నువ్వూ మా పాఠంలో ఉన్నావు చూడు, అని. నవ్వుతాడనుకున్నాను. గ్రూపులో పెట్టింది ఎవరో నాకు తెలీదు, ఒట్టు."

లెక్కల టీచరు ఉలిక్కిపడింది. క్లాసులో ఆవిడ చూసింది బంతి ఒక్కటే, ఆ తర్వాత చూసినవన్నీ పాట పెట్టిన ముక్కలే. మర్నాడే పిల్లల ఫోన్లన్నీ ఒక నీలం బకెట్‌లో వేయించి, పెద్ద మేడం తన గదిలో పెట్టి తాళం వేసింది. టీచరు ఫోన్ కూడా అందులోనే ఉంది.

"అందులో ఏముందండీ?"

"ఏముంటుంది? ఆ పిల్ల కంగారులో ముందే నొక్కేసింది. మీరు బంతి విసరక ముందు నుంచీ ఉంది." ఆయన గొంతు తగ్గిపోయింది. "నేను నిలబడి పాఠం చదువుతూనే ఉన్నాను. వినేవాళ్ళేరీ? నా క్లాసులో పిల్లలు ఒక్కొక్కళ్ళే మీ కిటికీ వైపు తిరుగుతున్నారు. ఆ పాడు స్లోమోషన్‌లో ఒక్కో తల తిరగడం ఎంతసేపో! ముందు బెంచీ కూడా. ఆఖరికి ఒక్క ముఖం కూడా నా వైపు లేదు. అది చూసి కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఆ తర్వాత నిద్ర పట్టిందో, పట్టలేదో నాకే తెలీదు."

పెద్దావిడ చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది.

ఈ మనిషి అలిగితే లెక్కల టీచరు ఓర్చుకోగలదు, అరిస్తే అరవగలదు. ఇలా నిజం చెప్పేస్తే ఏం చెయ్యాలో ఆవిడకి తెలీదు. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన తీసెయ్యలేదు.

"ఇప్పటికైనా చెబుతావా రేపు?" అన్నాడు నెమ్మదిగా.

చెబుతానంటే అయిపోతుంది. ఈ ఇంట్లో మళ్ళీ అందరూ కలిసి తింటారు. ఆవిడకి ఆ ఆశ కలిగింది కూడా.

"చెప్పను," అంది.

భుజం చేతికిందనుంచి తప్పుకుంది.

"ఆ వీడియో మీది. మిమ్మల్ని ఇమ్మని అడగను, మీ దగ్గరుందని ఎవరికీ చెప్పను. మీ ముఖం కాపాడటానికి నా చేతనైనంత చేస్తాను. కానీ అబద్ధం మాత్రం ఆడను. మీ కోసం కూడా ఆడను."

ఆయన లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. మూత పెట్టిన భోజనం పొద్దుటికి అలాగే ఉంది.

బడి హాల్లో కుర్చీలు చాల్లేదు. మామూలు మీటింగులకి బతిమాలినా రాని తల్లిదండ్రులు ఈసారి పిలవకుండానే ముందు వరసలు పట్టేశారు. తమాషా చూడాలన్న సరదా ఎవరికుండదు? పెద్దావిడ మనవరాలి తరఫున వచ్చానని చెప్పి, మోకాళ్ళ పేరు చెప్పి, గోడవారగా ఒక కుర్చీ సంపాదించింది. సోషల్ మాస్టారు టీచర్ల మధ్య, చేతులు కట్టుకుని, ఎవరి కళ్ళూ తగలకుండా కూర్చున్నాడు. వెనక తలుపు దగ్గర గోల్‌కీపరు తల్లి కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. మీటింగు కాగానే ఇంటికే అన్నట్టుంది ఆ పట్టు.

పెద్ద మేడం రెండు మంచి మాటలు మాట్లాడి, మైకు లెక్కల టీచరు చేతికిచ్చింది. ఇస్తూ చెవి దగ్గర అంది, "ఒక్క వాక్యం చాలు టీచర్. మీకూ మంచిది, మాస్టారికీ మంచిది."

లెక్కల టీచరు మైకు పట్టుకుంది.

"మా పిల్లలు ఏ వీడియో తయారుచెయ్యలేదు. వాళ్ళు బంతి ఎత్తు కొలిచారు. కొలవమన్నది నేను. ఫోన్ తెమ్మన్నది నేను. కిటికీ తెరిచిందీ నేనే. తప్పుంటే నాది. రేపు నాకు క్లాసు ఇస్తే మళ్ళీ ఇలాగే చెబుతాను. కిటికీ మాత్రం చూసుకుని తెరుస్తాను."

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్ద మేడం నవ్వు ముఖం అలాగే ఉంచి మైకు అందుకుంది.

"టీచరుగారికి పిల్లలంటే ప్రేమ. కానీ అందరం చూశాం కదండీ, అందులో పాట ఉంది, గుటక ఉంది. నిజం వీడియోలో గుటకలుంటాయా?"

"అవి తర్వాత ఎవరో అతికించినవి. అసలుదాన్ని ఇక్కడ తెర మీద వెయ్యండి. గోల్‌కీపరు వచ్చి కొలిచి చూపిస్తుంది. బంతి ఎక్కడంలో, దిగడంలో ఒక వరస ఉంటుంది. వీడియోలో ఒక్క ముక్క తీసినా, ఒక్క ముక్క కలిపినా ఆ వరస తప్పుతుంది. నిజమో, తయారుచేసిందో మీ కళ్ళముందే తేలుతుంది."

"అసలుది ఎక్కడుంది?"

"మీ గదిలో బకెట్‌లో."

"విచారణ అయ్యేదాకా ఆ తాళం తియ్యను."

"అయితే..." అని ఆగిపోయింది లెక్కల టీచరు.

"ఇంకెక్కడైనా ఉందా?"

ఆవిడ అప్రయత్నంగా కళ్ళు తిప్పబోయి ఆపుకుంది. ఎదురుగా ఉన్న గడియారాన్ని చూసింది.

"ఉంది. ఎవరి దగ్గరో చెప్పను."

"చెప్పకపోతే లేదనే అర్థం." పెద్ద మేడం హాలు వైపు తిరిగింది. "చూశారుగా. క్రమశిక్షణ కోసం కొన్ని కఠినమైన నిర్ణయాలు తప్పవు. ఆ వీడియో తీసిన అమ్మాయి తల్లిగారు ఒకసారి ముందుకి రావాలి."

వెనక తలుపు దగ్గర ఆ తల్లి ఒక అడుగు వేసింది. గోల్‌కీపరు వెయ్యలేదు. ఎన్ని గోల్స్ ఆపిందో గానీ, ఇప్పుడు ఆ పిల్ల చేతులు ఎటు వెయ్యాలో తెలియక అలాగే వేలాడుతున్నాయి. "టీచర్," అంది, అంత దూరం నుంచి వినపడనంత చిన్నగా.

ఒక కుర్చీ కిర్రుమంది.

సోషల్ మాస్టారు లేచాడు. లేచి, చొక్కా సర్దుకుని, వరసల మధ్యలోంచి నడిచాడు. ఆయన నడుస్తున్నంత మేరా ముఖాలు తిరిగాయి. ఒక్కటి కూడా కిటికీ వైపు పోలేదు. ఎక్కడో ఒక ఫోన్ గుటక వేసింది. ఎవరో గబుక్కున నొక్కేశారు.

"మాస్టారూ, మీరు కూర్చోండి," అంది పెద్ద మేడం. గొంతు తగ్గించి, "మీ సంగతి నేను చూసుకుంటానన్నాను కదా," అంది.

"వద్దు మేడం. ఊరంతా చూసేసింది. మీరొక్కళ్ళూ ప్రత్యేకంగా చూడక్కర్లేదు."

హాలు గొల్లుమంది. ఈసారి నవ్వు ఆయన మీద కాదు. ఆయనకీ అది తెలిసింది, మెడ కొంచెం నిటారుగా అయింది.

భార్య ముందు నిలబడి ఫోన్ చాపాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి, గోడకేసి కాకుండా, నేరుగా ఆవిడ కళ్ళలోకి చూసి మాట్లాడాడు.

"మొదట్నించీ వెయ్యి. నిద్ర దగ్గర్నించి కాదు. తలలు తిరిగే దగ్గర్నించి."

"ఏమండీ, అది అక్కర్లేదు. బంతి ముక్క ఒక్కటీ చాలు..."

"కోస్తే వరస తప్పుతుందన్నది నువ్వే కదా." ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీ పాఠం ఒప్పుకున్నానని అనుకోకు. నీతో నాకు చాలా దెబ్బలాట ఉంది, అది ఇంటికెళ్ళాక. చార్జింగ్ తక్కువుంది, తొందరగా కానియ్."

కూతురు పరిగెత్తుకొచ్చి ఫోన్‌ని ప్రొజెక్టర్‌కి కలిపింది. వెనక ఇస్త్రీ ఆవిడ పట్టు ఎప్పుడు సడలిందో, గోల్‌కీపరు పొడుగు స్కేలు పట్టుకుని తెర పక్కకి చేరింది. తెల్లటి గోడ మీద కిటికీ ఊచలు పడ్డాయి. వాటి వెనక సోషల్ మాస్టారు పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముందు మొదటి బెంచీలో ఒక తల మెల్లిగా, చాలా మెల్లిగా, ఇటు తిరగడం మొదలుపెట్టింది.

"మా వాడే," అన్నారెవరో ముందు వరసలో. నవ్వకుండా అన్నారు.

"ఆపండి!" పెద్ద మేడం ఇక మైకు కోసం చూడలేదు. "ఇది నా అనుమతి లేకుండా జరుగుతోంది. ఆపండంటున్నాను!"

ఎవరూ ఆపలేదు. ఆవిడ విసవిసా గోడ దగ్గరున్న స్విచ్‌బోర్డు వైపు నడిచింది. అక్కడికెళ్ళి ఆగిపోయింది.

స్విచ్‌బోర్డుకి వీపు ఆనించి, కుర్చీ వేసుకుని, అత్తగారు కూర్చుని ఉంది.

"లేవండమ్మా," అంది పెద్ద మేడం.

పెద్దావిడ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని తెర మీది కొడుకునే చూస్తోంది. ఒళ్ళు కదల్చలేదు, చూపు తిప్పలేదు.

"నొప్పులు తల్లీ," అంది. "ఇది అయ్యేదాకా లేవలేను."